కృష్ణ ఒడ్డు అల్లుడు

అజయ్ కుమార్‌కు ఈత రాదు. ఈ సంగతి భూమ్మీద ఒక్క అజయ్ కుమార్‌కే తెలుసు. నంద్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషి. వస్తువు నీళ్లలో ఎందుకు తేలుతుందో, ఎందుకు మునుగుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పగలడు. తను మాత్రం మోకాలు దాటిన నీళ్లలో ఎన్నడూ దిగలేదు. ఈత రాకపోవడం నేరమేమీ కాదు. అలాంటి మగవాళ్లందరినీ ఒకచోట చేరిస్తే ఈ జిల్లాలో ఇంకో మండలం ఏర్పాటు చేయొచ్చు. అజయ్‌కు వచ్చిన చిక్కల్లా, ఈత వచ్చని ఎవరో అంటే కాదనకపోవడం.

ఆ మాట అన్నది పెళ్లిచూపుల్లో. ఆళ్లగడ్డ శివార్లలో పొలమున్న దావీదు, పెళ్లికొడుకును జీతమెంత అని అడగలేదు, ఏ చర్చి సంఘం అని కూడా అడగలేదు. కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఈత వస్తాదాప్పా?" అన్నాడు. ఆయన పొలంలో రాతిమెట్ల బావి ఉంది. చుట్టుపక్కల మగపిల్లలంతా ఆ బావిలో ఆయన దగ్గర ఈత నేర్చుకున్నవాళ్లే. అజయ్ నోరు తెరిచేలోగా పక్కనున్న మేనమామ అందుకున్నాడు. "మాది నందికొట్కూరు తట్టు గదన్నా. కృష్ణ ఒడ్డున పుట్టినోడికి ఈత రాకుండా యాడికి పోతాది?" అజయ్ వాళ్లింటి నుంచి కృష్ణ వెనకజలాలు చూడాలంటే ఆటో మాట్లాడుకుని పోవాలి. అతను తల దించుకుని నవ్వాడు. దావీదు ఆ నవ్వును వినయమనుకున్నాడు.

అంతే, అప్పటినుంచి అత్తారింట్లో అతనికి కృష్ణ ఒడ్డు అల్లుడని పేరు స్థిరపడిపోయింది. పదేళ్లుగా పండగకో పబ్బానికో ఆళ్లగడ్డ పోయినప్పుడల్లా బావి గట్టు దాకా నడిచి, "ఈసారి జలుబుగా ఉంది మామా" అని వెనక్కి వచ్చేవాడు. ఆ అబద్ధం పెద్ద కష్టం లేకుండానే నడిచిపోతూ వచ్చింది, అతని భార్య జెస్సికాకు ఒక కోరిక పుట్టేదాకా.

నిజానికి అది కొత్తగా పుట్టిన కోరిక కాదు. జెస్సికా దావీదుకు ఒక్కతే కూతురు, ఇప్పుడు నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. చిన్నప్పుడు ఆ బావి దగ్గర ఆమె పని మగపిల్లల చొక్కాలకు కాపలా కాయడం. ఆడపిల్లలు బావిలో దిగకూడదని ఎవరూ చట్టం చేయలేదు గానీ ఎవరూ దిగనిచ్చేవారు కాదు. మగపిల్లలు దూకి, బాగా అడుక్కి పోయి, పోయినట్టు గుర్తుగా గుప్పెట్లో బురద పట్టుకుని పైకొచ్చేవారు. "అడుగున ఏముండాది?" అని ఆమె అడిగితే నవ్వేవారు. ముప్పై ఆరేళ్లొచ్చినా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. ఫోనులో సముద్రం అడుగున చేపల గుంపులు, పగడాల తోటలు చూస్తూ కూర్చునేది. పెళ్లయి పదేళ్లయిన సందర్భంగా ఏం కావాలని అజయ్ అడిగితే, "నీళ్ల కింద ఏముండాదో చూడాల" అంది.

ఆమె ముందు అండమాన్ అంది. అక్కడైతే పడవలో సముద్రం నడిమధ్యకు తీసుకుపోయి, అక్కడినుంచి దూకమంటారని అజయ్ చదివాడు. భయం మనిషిని ఊరికే కూర్చోనివ్వదు గదా, అతను పట్టుదలగా వెతకడం మొదలుపెట్టాడు. పడవ ఎక్కక్కర్లేని, దూకక్కర్లేని, ఒడ్డు నుంచి కాళ్లీడ్చుకుంటూ నడిచి దిగే సముద్రం ప్రపంచంలో ఎక్కడుందా అని వెతికాడు. వెతగ్గా వెతగ్గా కరీబియన్ సముద్రంలో, వెనిజులా పక్కన, డచ్చివాళ్ల ఏలుబడిలో ఉన్న బొనేర్ అనే చిన్న దీవి దొరికింది.

ఆ దీవి గురించి అతను చెబుతుంటే జెస్సికా నోరు తెరుచుకుని వినేది. అక్కడ తుపాన్లు రావడం అరుదు. పడమటి ఒడ్డున సముద్రం గిన్నెలో నీళ్లలా కదలకుండా ఉంటుంది. రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్లుంటాయి, ఆ రాయి కనబడిందంటే అక్కడ నీళ్లలోకి దిగొచ్చని గుర్తు. ఒక పికప్ బండి అద్దెకు తీసుకుని, నీళ్ల కింద ఊపిరికి గాలిసిలిండర్లు వెనక వేసుకుని, నచ్చిన రాయి దగ్గర ఆపుకుని, నడిచి దిగడమే. కొన్నిచోట్ల పగడపు రాళ్లు కాళ్లకు గుచ్చుకుంటాయి కాబట్టి ఇసుక ఉన్న ఒడ్లు ఏవేవో విడిగా గుర్తుపెట్టాడు. దక్షిణాన ఉప్పుమళ్లు, గులాబీ రంగు కొంగలు, ఇష్టారాజ్యంగా తిరిగే గాడిదలు. హైదరాబాదు నుంచి ఆమ్‌స్టర్‌డామ్ పోయి అక్కడ విమానం మారాలి. అన్నీ చెప్పి, చివర్లో, "నీకు మొదటిసారి గదా, పడవలూ అవీ ఎందుకు? ఒడ్డు నుంచైతే నీకు సులువు" అన్నాడు.

నీకు అన్నాడు. ఆ మాట అంత సులభంగా నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియదు. జెస్సికా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్న ఆడవాళ్లందరికీ చెప్పింది. "ఆయనకైతే యాడైనా ఒకటే, ఈతగాడు. నాకు భయమని ప్రపంచమంతా గాలించి సులువుగా ఉండే దీవి పట్టినాడు." ఆ ఆడవాళ్లు తమ మొగుళ్ల వైపు తిరిగి చూసిన చూపులకు అజయ్ చెవులు కాలిపోయాయి. తన పిరికితనం ప్రేమ వేషం వేసుకుని ఊరంతా తిరుగుతుంటే, దాన్ని పిలిచి వేషం విప్పమనడానికి అతనికి నోరు రాలేదు.

ఆ తర్వాత, దీవిలో నీళ్ల అడుగుకు దిగడం నేర్పేవాళ్లకు రాస్తే జవాబు వచ్చింది. సిలిండరు వీపున ఎక్కించే ముందు కొంత దూరం ఈదాలి, కొంతసేపు ఏ ఆధారం లేకుండా తేలాలి. "మీ ఇద్దరికీ ఈత వచ్చు కదా?" అని చివర్లో ఒక ప్రశ్న. జెస్సికా అది చదివి ఏమాత్రం కంగారుపడలేదు. "నువ్వుండావు గదా, నేర్పు" అంది.

ఆ వేసవంతా అజయ్ ఈత నేర్పకుండా ఉండడానికి పడిన కష్టం, ఈత నేర్చుకోవడానికి పడి ఉంటే ఈపాటికి కృష్ణ ఈదేసేవాడు. నంద్యాలలో ఈతకొలనులో క్లోరిన్ ఎక్కువ కలుపుతారన్నాడు. ఆడవాళ్ల వేళలు కుదరవన్నాడు. పేపర్లు దిద్దాలన్నాడు. బాత్రూములో తలుపేసుకుని, ప్లాస్టిక్ టబ్బులో మొహం ముంచి ఊపిరి బిగబట్టడం మాత్రం ఒక్కడే అభ్యాసం చేశాడు. ముక్కులోకి నీళ్లు పోయి దగ్గితే, "ఏమైంది?" అని బయటినుంచి జెస్సికా అడిగేది. "ఏం లేదు, పొలమారింది" అనేవాడు. బాత్రూములో ఏం తింటే పొలమారిందో ఆ పిచ్చిది అడగలేదు.

చివరికి ఆమె తండ్రికి ఫోను చేసింది. దావీదు సంబరపడిపోయాడు. "దానికేమి తల్లీ, ఆదివారం ఆరాధన అయినంక రాండి. మన బాయి నిండుగుండాది. అల్లుడు నీళ్లలో ఉంటే నేను గట్టున కూచోని చూస్తా." తన ఆడపిల్లను ఆ బావిలో దిగనివ్వని ఇన్నేళ్లకు అదీ ఒక తృప్తి అనుకున్నాడో ఏమో, అదే మాట రెండుసార్లు చెప్పాడు. అజయ్ పక్కనే ఉండి అంతా విన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆదివారం ఆళ్లగడ్డలో బావి గట్టు మీద చిన్న తిరునాళ్లలా ఉంది. అత్త లూదియా తువ్వాళ్లు పట్టుకుని నిలబడింది. దావీదు అక్క జీవమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. డెబ్బై దాటినా ఆమె నోటికి ఊళ్లో మొనగాడు లేడు. వరసైన చుట్టాలు నలుగురైదుగురు కృష్ణ ఒడ్డు అల్లుడి ఈత చూడ్డానికే వచ్చారు.

"ఏం అల్లుడా, పైనుంచి దూకుతావా, మెట్ల మీంచి పోతావా?" అని జీవమ్మ అడిగింది.

"జెస్సికా బెదురుతుంది, మెట్ల మీంచే పోతా" అన్నాడు అజయ్. మళ్లీ ఆమె పేరే అడ్డం పెట్టుకున్నాడు.

దావీదు ఎండిన మునగబెండ్లు రెండు కూతురి నడుముకు వెనకవైపు తాడుతో కట్టాడు. ఎంత ముంచినా మునగని చెక్క అది, ఈ ఊళ్లో అందరూ దాంతో నేర్చుకున్నవాళ్లే. మామూలుగా అయితే కొత్తవాళ్ల నడుముకు ఇంకో తాడు కట్టి గట్టు మీంచి ఒకరు పట్టుకుంటారు. దావీదు ఆ తాడు తీసి, మళ్లీ పక్కన పెట్టేశాడు. "అల్లుడుండంగా తాడెందుకు" అన్నాడు.

అజయ్ మెట్లు దిగాడు. నీళ్లు తగిలిన ప్రతి మెట్టునూ ముందు కాలితో తడిమి చూసుకున్నాడు. నీళ్లు నడుముదాకా వచ్చిన మెట్టు మీద నిలబడి, పక్కగోడలో పొడుచుకొచ్చిన రాయి పట్టుకున్నాడు. కింద ఇంకా మెట్లున్నాయో లేవో కనబడలేదు. నీళ్లు ఆకుపచ్చగా, నిమ్మళంగా ఉన్నాయి.

జెస్సికా అతని పక్కకు దిగి, తడిసిన చుడీదారు సర్దుకుని నవ్వింది. "పట్టుకుంటావు గదా?" అంది మెల్లగా, అతనికి మాత్రమే వినబడేలా.

"పట్టుకుంటా. నువ్వు పో."

ఆమె మెట్టును కాళ్లతో తన్ని ముందుకు పోయింది. ఒక్క క్షణం బాగానే తేలింది, గట్టు మీద ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అంతలో తాడు వదులై బెండ్లు నడుము మీంచి తొడల్లోకి జారాయి. కాళ్లు పైకి లేచాయి, తల కిందికి పోయింది. ఆమె కొట్టుకుంటూ తిరిగి, మొహం పైకి తెచ్చి, చెయ్యి చాపింది. గట్టు మీదున్న తండ్రి వైపు కాదు. అజయ్ వైపు.

ఆ చెయ్యి అతనికి మూరెడు దూరంలో ఉంది. వేళ్లకున్న గోరింటాకు రంగు కూడా కనబడింది. తన ఒక చెయ్యి రాయి మీద ఉంది. రెండో చెయ్యి ఆమె వైపు పోవాలి. అది కూడా వచ్చి రాయినే పట్టుకుంది.

పైనుంచి దబ్బున శబ్దమైంది. దావీదు పంచెతోనే దూకాడు. రెండు బారల్లో కూతుర్ని చేరి, జబ్బ కింద చెయ్యేసి, ఆకు తీసినంత సులభంగా మెట్ల దగ్గరికి తెచ్చాడు. ఆమె దగ్గింది, కక్కింది, ఊపిరి తీసుకుంది. ఇదంతా అయ్యేసరికి పట్టుమని అర నిమిషం కూడా కాలేదు. అజయ్ ఇంకా రాయి పట్టుకునే ఉన్నాడు. జెస్సికా తడి కళ్లతో అతని రెండు చేతుల వైపు చూసింది, తర్వాత మొహం తిప్పుకుంది.

గట్టు మీద గోల లేచింది. లూదియా "ఏసయ్యా" అంటూ కూతురిని పొదివి పట్టుకుంది. జీవమ్మ కుర్చీలోంచి లేచి, "అల్లుడేం జేస్తాండె ఆడ?" అని అడిగింది.

దావీదు పంచె పిండుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, "నేనే వద్దంటి అక్కా. ఇద్దురొకసారి పట్టుకుంటే పిల్ల బెదురుతాది. ఆయప్ప వస్తాంటే నేనే నిలిపితి" అన్నాడు. అని, లూదియా భుజం మీదున్న పొడి తువ్వాలు తీసి అల్లుడికి అందించాడు. "తుడుచుకోప్పా, జలుబు చేస్తాది."

అజయ్‌కు నడుము పైన ఒక్క చుక్క తడి లేదు. ఆ తువ్వాలు తీసుకుని ఏం తుడుచుకోవాలో తెలియక మొహం తుడుచుకున్నాడు. మామ తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టి ఉన్నా తట్టుకునేవాడు. సంఘంలో ముప్పై ఏళ్లుగా పెద్దగా ఉన్న మనిషి, ఆదివారం పూట, వాక్యం విని వచ్చిన నోటితోనే, అల్లుడి పరువు కోసం అబద్ధమాడాడు. చుట్టాలు ఆ అబద్ధాన్ని హాయిగా నమ్మారు. "అవును, ఇద్దురు పట్టుకోకూడదు" అని ఒకాయన వివరించాడు కూడా. అజయ్ సిగ్గుతో చితికిపోయాడు.

ఇంట్లో భోజనాలకు చాపలు పరిచారు. వేటకూర, సంగటి, అన్నం. అల్లుడికి ముందు వడ్డించారు. జెస్సికా బట్టలు మార్చుకుని, తల తుడుచుకుని, అతనికి ఎదురుగా కాకుండా వాళ్ల అమ్మ పక్కన కూర్చుంది. దావీదు ప్రార్థన మొదలుపెట్టబోతే జీవమ్మ చెయ్యెత్తి ఆపింది. "నువ్వు కాదు. పెండ్లాం బతికి బైటపడె. ఈ పొద్దు స్తుతి ప్రార్థన అల్లుడే చెయ్యాల."

అందరూ కళ్లు మూసుకుని తలలు వంచారు. అజయ్ చిన్నప్పటినుంచి చేసే ప్రార్థనే కాబట్టి మాటలు వాటంతటవే వచ్చాయి. పరిశుద్ధుడవైన తండ్రీ అన్నాడు, ప్రేమగల దేవా అన్నాడు, ఈ మధ్యాహ్న వేళ మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు వందనాలన్నాడు. మా మామగారి చేతులను వాడుకుని జెస్సికాను కాపాడినందుకు అన్నాడు. ఆ తర్వాత "నన్ను" అన్నాడు. అక్కడ మాట ఆగిపోయింది. మనుషులతో ఆడిన అబద్ధం ఎలాగో మోశాడు, దాన్నే ఇప్పుడు దేవుడికి అప్పజెప్పడానికి నాలుక తిరగలేదు.

"ప్రభువా, నాకు ఈత రాదు" అన్నాడు.

ఎక్కడో గరిటె కింద పడింది.

"ఎప్పుడూ రాలేదు తండ్రీ. పెళ్లిచూపుల్లో మా మేనమామ చెప్పింది అబద్ధం, నేను ఊరుకున్నా. పదేళ్లు ఊరుకున్నా. పడవంటే భయమేసి ఆ దీవి వెతికినా, జెస్సికా కోసం కాదు. మామ నన్ను ఆపలేదు ప్రభువా, నా పరువు కోసం అట్లా చెప్పినాడు. ఆయన్ను క్షమించు. నన్ను క్షమించు. ఈత రాక నేను ఆమెను కాపాడలేకపోయినా." అని ఆగాడు. ఆమేన్ అనాలన్న సంగతి మరిచిపోయాడు.

ఆమేన్ అనకపోతే ప్రార్థన అయిపోయినట్టు కాదు. అయిపోకుండా కళ్లు తెరవకూడదు. అందరూ అలాగే తలలు వంచుకుని కూర్చున్నారు. ఎంతసేపు కూర్చునేవారో గానీ, జీవమ్మ కళ్లు మూసుకునే అంది: "ఆమేన్ అను నాయనా, సంగటి సల్లారిపోతాది."

ఆ భోజనం అజయ్ ఎలా తిన్నాడో అతనికి గుర్తులేదు. చుట్టాలు కూర బాగుందని అవసరానికి మించి పొగిడారు. దావీదు లేచి వచ్చి, అతని పళ్లెంలో ఒక ఎముక ముక్క వేసి, "తినప్పా" అని వెళ్లిపోయాడు. సిగ్గు అలాగే ఉంది, కానీ దాని కింద ఎక్కడో కాస్త తేలికగా కూడా ఉంది. చెప్పేశాను కదా అనుకున్నాడు. ఇంతమందిలో, దేవుడి ముందు, ఎంతమంది చెప్పగలరు అని కూడా లోపల్లోపల అనుకున్నాడు. మనిషి ఎంత సిగ్గుపడుతున్నా ఇలాంటి సందులు వెతుక్కుంటూనే ఉంటాడు.

సాయంత్రం ఎండ తగ్గాక నంద్యాలకు బయలుదేరారు. శిరివెళ్ల దాటేదాకా ఆమె కిటికీలోంచి జొన్నచేలు చూస్తూ కూర్చుంది. చివరికి అతనే అన్నాడు. "ఆ ట్రిప్పు మానుకుందామా?"

"దేవునికి చెప్పినారు" అంది జెస్సికా. పుట్టింటివాళ్ల ముందు తప్ప ఆమె అతన్ని ఎన్నడూ మీరు అనదు. "మావాళ్లందరికీ చెప్పినారు. నాకు చెప్పలే."

అజయ్ కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఆమె వైపు తిరిగి, "జెస్సీ, నాకు ఈత రాదు. నిన్ను మోసం చేసినా" అన్నాడు. అనడం అనుకున్నదానికంటే కష్టమైంది. ఇక ఆమె ఏడుస్తుందనో, తిడుతుందనో, తిట్టి క్షమిస్తుందనో ఎదురుచూశాడు.

"ఈత రాకపోతే పోనీలే. మా నాయన తప్ప మా ఇంట్లో ఎవురికి వస్తాది?" అంది. "నువ్వు నిలబడింది నడుముల్లోతు నీళ్లలో. నీ కాళ్ల కింద రాయి ఉండాది. చెయ్యి చాపేదానికి ఈతెందుకు?"

లారీలు రెండు హారను కొట్టుకుంటూ పోయాయి. ప్రార్థనలో అన్నీ చెప్పాననుకున్నాడు అజయ్. దేవుడి ముందు కూడా ఈత రాక అనే అన్నాడు. రాయిని పట్టుకున్న రెండో చెయ్యి సంగతి ఎక్కడా ఎత్తలేదు. అది ఆమె ఒక్కతే చూసింది, అది ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. ఇందాకటి తేలిక ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లంతా కంపరమెత్తింది. స్టీరింగు మీదున్న తన చేతులను చూసుకోలేక కిందికి దించుకున్నాడు.

"ట్రిప్పు మానేదేం లేదు. నేను పోతా, నేర్చుకోని పోతా" అంది జెస్సికా. కోపంగా కూడా అనలేదు, ఇంటికి పాలు తేవాలని గుర్తుచేసినట్టు అంది. "రేపు మా నాయనకు పాస్‌పోర్టుకు అప్లై చెయ్యి. నీళ్లలో నా పక్కన ఆయన ఉంటాడు."

"మరి నేను?"

"నువ్వూ రా" అంది ఆమె, మళ్లీ కిటికీ వైపు తిరుగుతూ. "ఒడ్డున కూచుందువు. మా చెప్పులు, బట్టలు చూసుకునేదానికి ఎవురో ఒకరు ఉండాల గదా."

"సరే" అన్నాడు అజయ్, కారు స్టార్ట్ చేశాడు.